ఒప్పుకున్న మాట

ఉప్పుదిబ్బపాళెంలో డీబీటీ అంటే తెలియని ఆడమనిషి లేదు. సర్కారు బ్యాంకు ఖాతాలో వేసే డబ్బుకు ఆ పేరు. అందుకే, గురువారం గురువారం హెల్త్ సెంటర్లో ఆడవాళ్ళకు డీబీటీ నేర్పుతారట అని ఆశా వర్కరు వెంకటశేషమ్మ వీధులన్నీ తిరిగి చెప్పిన వారం, సగం ఊరు ఆధార్ కార్డులూ బ్యాంకు పుస్తకాలూ కొంగున చుట్టుకుని వచ్చి బారుగా కూర్చుంది. గూడూరు నుంచి రైల్లో సూళ్ళూరుపేటకు, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చిన సాహిరా అనే అమ్మాయి ఆ జనాన్ని చూసి మురిసిపోయింది. ఇది డబ్బుల డీబీటీ కాదమ్మా, మనసు చెయ్యి దాటిపోయినప్పుడు దాన్ని పట్టుకోవడం నేర్పే వైద్యం, పేరు మాత్రం అదే, నేను బెంగళూరులో నేర్చుకుని వచ్చాను అని ఆమె చెబుతూ ఉండగానే వెనక వరస లేచింది. ఆ తరువాత మధ్య వరస. ఇంతోటి దానికి కార్డు తుడిచి మరీ తెచ్చానే అని ఒక ముసలమ్మ గొణుక్కుంటూ పోయింది. ఆఖరికి నలుగురు మిగిలారు. వాళ్ళలో గోడకు ఆనుకుని కూర్చున్నది విజయకుమారి. ఆమెకు అక్కణ్ణుంచి లేచి వెళ్ళడానికి వేరే చోటు ఉంటే కదా.

మొదటి పాఠం మంచుగడ్డ. సాహిరా ఫ్లాస్కులో ఐసు ముక్కలు తెచ్చి నలుగురి అరచేతుల్లోనూ పెట్టింది. లోపల మంట లేచినప్పుడు దీన్ని గట్టిగా పట్టుకోండి, చెయ్యి చల్లదనంతో నొప్పి పుడుతుంది, మనసు ఆ నొప్పి దగ్గరికి పోతుంది, ఆ కాసేపట్లో మంట దిగుతుంది అని చెప్పింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కుమన్నారు. నలుగురూ రొయ్యల షెడ్డులో పనిచేసేవాళ్ళే. తెల్లారింది మొదలు ఐసు తొట్టిలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే చేతులవి. వేళ్ళ చివర్లు తెల్లగా నాని, గోళ్ళ పక్కన పగిలి, చలి అంటే ఏమిటో ఎప్పుడో మరిచిపోయాయి. విజయ ఐసు ముక్కను పట్టుకుని కూర్చుంది. అది నీరై మోచేతి దాకా కారింది. చెయ్యి చీరకు తుడుచుకుని, "కరిగిపోయింది మేడం, ఇంకా ఉండాయా?" అని అడిగింది. ఈసారి సాహిరా కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు మొహం మీద నిలవలేదు.

మరుసటి వారం ఆ అమ్మాయి సంచి నిండా నిమ్మకాయలు తెచ్చింది. వాళ్ళ నాయన గూడూరు మార్కెట్టులో నిమ్మకాయల వ్యాపారి. మంచుకు బదులు పులుపు అన్నమాట. తొక్కతో సహా కొరకమంది. కొరికారు. నలుగురికీ కళ్ళు మూసుకుపోయాయి, దవడలు లాక్కుపోయాయి, ఒళ్ళు జలదరించింది. ఆ పులుపు ఉన్నంతసేపూ విజయ తలలో ఇంకేమీ లేదు. నాలిక ఒక్కటే ఉంది. నెల రోజుల తరువాత అంత ఖాళీ దొరకడం ఆమెకు అదే మొదలు. అయితే ఊరు ఊరుకుంటుందా. సాయిబుల అమ్మాయి ఆడవాళ్ళకు నిమ్మకాయలు పంచుతోందట, ఏం మంత్రించి ఇస్తోందో ఏమో అని సాయంత్రానికల్లా పాకింది. విజయ అత్త కామమ్మ, దడి కింద పడి ఉన్న నిమ్మతొక్కను చీపురుతో తాకకుండా, ఒక పుల్లతో దూరంగా తోసి, ఆ పుల్లనూ పారేసింది.

ఆ దడి తాటాకులది. ఇటు విజయ ఇల్లు, అటు కామమ్మ ఇల్లు. మధ్యలో ఒక చిన్న గేటు ఉండేది, దాన్ని ఇప్పుడు తీగ పెట్టి కట్టేశారు. విజయ కూతురు చెంగమ్మ అటువైపు ఉంటుంది. నాలుగేళ్ళ పిల్ల. పొద్దున లేచి పళ్ళు తోముకోనని మారాం చేయడం, మధ్యాహ్నం అన్నంలో చేప ముల్లు ఉందని అరవడం, షెడ్డుకు పోని పూట అన్నీ విజయకు వినిపిస్తాయి. అప్పుడప్పుడూ దడి దగ్గరికి వచ్చి, ఆకుల సందులో వేలు పెట్టి, "అమ్మా, ఉండావా?" అంటుంది. విజయ ఉండానని చెప్పే లోపలే కామమ్మ వచ్చి ఎత్తుకుపోయి టీవీ పెడుతుంది. పడవల కాలువలో ఆ పిల్ల పడిన రోజు నుంచి ఇదే వరస. తల్లే నీళ్ళలోకి తోసిందని, తాను కళ్ళారా చూశానని కామమ్మ ఊరంతా చెప్పింది. విజయ కాదనలేదు, అవుననలేదు. ఆ పూట తలుచుకుంటే ఆమెకు మొదలు గుర్తుంది, చివర గుర్తుంది. నడుమ ఒక్క చోట చెయ్యి కదిలింది. ఆ చెయ్యి ఏం చేసిందో తేల్చుకోవడానికి భయపడి ఆమె దాని దగ్గరికే పోలేదు.

ఆ తరువాతి గురువారం సాహిరా చెప్పిన పాఠం ఒప్పుకోవడం. ఆమె బోర్డు మీద ఆ మాట రాసి కింద గీత గీసింది. జరిగిపోయినదాన్ని ఎందుకు జరిగింది, జరగకుండా ఉంటే బాగుండేది అని కొట్లాడుతున్నంత కాలమూ నొప్పి రెండింతలు అవుతుందట. అరకొరగా కాదు, మనసారా, పూర్తిగా ఒప్పుకోవాలట. ఒప్పుకున్న క్షణాన మనసు తేలికపడుతుందట. విజయ గోడకు ఆనుకుని విన్నది. మిగతా ముగ్గురూ తల ఊపుతున్నారు. ఒప్పుకో అనే మాట ఆమెకు కొత్త కాదు. ఈ నెలలో ఊరి తగవులు తీర్చే పెద్దకాపు పోలేరయ్య మనిషిని పంపి రెండుసార్లు చెప్పించాడు, ఒప్పుకుంటే పనైపోతుంది అని. అత్త దడి అవతల నుంచి పొద్దస్తమానం అదే అంటుంది. ఇప్పుడు, తనకేసి ఇప్పటిదాకా మంచిగా చూసిన ఒకే ఒక్క మనిషి కూడా అదే మాట బోర్డు మీద రాసి కింద గీత గీసింది. ఇంతమంది చెబుతున్నారంటే అందులో ఏదో ఉండాలి. పిల్లను ఇవ్వకపోతే పోయె, ఈ మంట అన్నా దిగుతుందేమో. క్లాసు అయ్యాక సాహిరా ఆమె భుజం మీద చెయ్యి వేసి, "కష్టమైన పాఠమే విజయక్కా, మెల్లగా ప్రయత్నించండి" అంది. విజయ సరేనంది.

శనివారం రాకెట్టు రోజు. శ్రీహరికోటలో రాకెట్టు పోయే రోజున పడవలు దించవద్దని పోలీసులు ముందుగానే వచ్చి చెప్పిపోతారు. ఆ రోజు మగవాళ్ళంతా ఊర్లోనే ఉంటారు కనుక, ఊరి తగవులన్నీ ఆ రోజుకే పెట్టుకుంటారు. గంగమ్మ గుడి ముందు రేకుల పందిరి కింద వలలు పరుచుకుని, తెగిన వలకళ్ళు అల్లుకుంటూ, నోటితో తగవు తీరుస్తారు. పోలేరయ్య మధ్యలో కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి, కోపిష్టి కాదు. కాలి బొటనవేలికి వల చివర తగిలించుకుని, ప్లాస్టిక్ సూదితో దారం లాగుతూనే విజయను పిలిచాడు. ఆమె మొగుడు, కామమ్మ కొడుకు పెంచల్, చెన్నై కాశిమేడు లాంచీలో సముద్రం మీద ఉన్నాడు. వాడి ఫోను పలకడం లేదు. వాడు దిగివచ్చి గొడవ పెట్టుకునే లోపల దీన్ని ముగించేయాలని పోలేరయ్య తాపత్రయం. ఆయన లెక్కలో అది మంచిపనే.

కామమ్మ ముందు చెప్పింది. ఎప్పుడూ చెప్పేదే. పిల్ల ఏడుస్తా వెనకపడితే ఇది నీళ్ళలోకి తోసేసింది, నేను కళ్ళారా చూసినా అంది. చెబుతున్నంతసేపూ ఆమె విజయను చూడలేదు, పోలేరయ్య చేతిలోని సూదిని చూసింది. పోలేరయ్య ముడి వేసి, దారం పంటితో కొరికి, తల ఎత్తాడు.

"ఏందిమే విజయా. ఒప్పుకుంటావా?"

విజయ నిలబడిన చోట ఇసుక కాలుతోంది. ఆమె బోర్డు మీది గీత తలుచుకుంది. అరకొరగా కాదు.

"ఒప్పుకుంటా ఉండా మామా," అంది. ఒక్క క్షణం ఆగి, "పూర్తిగా," అని కలిపింది.

పందిరి కింద అల్లే చేతులన్నీ ఆగాయి. ఇంత తేలిగ్గా ఎవరూ అనుకోలేదు. కామమ్మ కూడా అనుకోలేదు. పోలేరయ్య తేరుకుని తీర్పు చెప్పాడు. పిల్లను తడలో ఉన్న పెంచల్ అక్క ఇంటికి పంపించాలి, అక్కడే బడిలో వేయాలి, పెద్దలు చెప్పేదాకా తల్లి ఆ గడప తొక్కకూడదు. రాకెట్టు పోయి రోడ్డు తెరవగానే ఈ పొద్దే పంపేయండి అన్నాడు. ఇంతలో ఎవరి ఫోనులోనో వార్త వచ్చింది, రాకెట్టు వాయిదా పడిందని, మళ్ళీ సోమవారమని. మగవాళ్ళు రాకెట్టును తిట్టుకున్నారు, ఇంకో రెండు పూటలు వేట లేకుండా పాయెనే అని. పిల్ల ప్రయాణం కూడా సోమవారానికి జరిగింది. అప్పటికి తడ నుంచి వాళ్ళే వస్తారట.

విజయ ఇంటికి వచ్చి గడపలో కూర్చుంది. తేలికపడుతుంది అన్నారు కదా అని ఎదురుచూసింది. బస్సు కోసం చూసినట్టు చూసింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది, గోడ ఎక్కింది. ఏదీ తేలికపడలేదు. అటువైపు కామమ్మ పిల్ల బట్టలు ఉతుకుతోంది. రాయి మీద చిన్న చిన్న గౌన్ల చప్పుడు. పెద్ద బట్టల చప్పుడు వేరు, చిన్న బట్టల చప్పుడు వేరు. ఆ చప్పుడుకు విజయ లోపల ఏదో చిల్లిపడినట్టయింది. ఎప్పుడూ వచ్చే ఆ గాలివాన కడుపులోంచి లేచింది. కాళ్ళు కాలువ నీళ్ళవైపు లాగాయి. ఆమె ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకుంది. గూట్లో పోయిన వారం నిమ్మకాయ ఒకటి ఎండి ముడతలు పడి ఉంది. దాన్ని నోట్లో పెట్టి కసుక్కున కొరికింది. చేదూ పులుపూ కలిసి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నమిలింది. ఇంకా నమిలింది. తరువాత చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. ఆ పూటకు అది గడిచింది. తోడుగా ఒక ఎండు నిమ్మకాయ తప్ప మరెవరూ లేరు.

ఆదివారం కూడా షెడ్డు ఉంది. రొయ్యలకు ఆదివారం తెలియదు కదా. సిమెంటు బల్లకు రెండువైపులా ఆడవాళ్ళు కూర్చుని ఒలుస్తున్నారు. విజయకు అటూ ఇటూ ఒక్కొక్క మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. ఆ ఖాళీ నెల నుంచి ఉన్నదే గానీ, నిన్నటి నుంచి ఇంకాస్త పెరిగింది. బొటనవేలితో తల నొక్కి తిప్పితే ఊడి వస్తుంది. పొట్ట కింద గోరు దూర్చి ఒక్క లాగు లాగితే డొప్ప విడిపోతుంది. వీపు చీల్చి నల్లనరం తీసి ఐసు తొట్టిలో వేయాలి. తల, డొప్ప, నరం. తల, డొప్ప, నరం. చేతులకు ఆ పని వస్తుంది కాబట్టి మనసుకు పని ఉండదు, అదే కష్టం. పక్కన ఎవరో ఏదో చెప్పి అందరూ నవ్వారు. విజయ వైపు ఒక్కరూ తిరగలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని సాహిరా నిలబడింది. ఆ రోజు ఆమె రావలసిన రోజు కాదు. వెంకటశేషమ్మ ఫోను చేసి చెప్పిందట. తడి నేల మీద జాగ్రత్తగా నడిచి వచ్చి, విజయ పక్కన ఉన్న ఆ ఖాళీలో కూర్చుంది. షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. ఏం చేయాలో తోచక సాహిరా కూడా ఒక రొయ్య తీసుకుంది. దాని ముక్కు ముల్లు వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని తీసి, మెల్లగా అడిగింది, ఒప్పుకున్నారట నిజమేనా అని.

"మీరు చెప్పినట్టే చెప్పినా మేడం," అంది విజయ. "పూర్తిగా అని కూడా అన్నా. ఏం తేలికపడలా."

సాహిరా రొయ్యను కింద పెట్టేసింది. నేను చెప్పింది ఆ ఒప్పుకోవడం కాదు అని ఏదో చెప్పబోయింది. విజయ చేతిలో రొయ్య ఆపకుండానే, మా ఊర్లో ఒప్పుకోవడం అంటే ఒకటే కదా మేడం, ఇంకోటి యాడుండాది అని అడిగింది. అందులో ఎకసెక్కం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. సాహిరాకు ఆ మాట పుట్టిన చోటు గుర్తొచ్చింది. బెంగళూరులో పెద్ద హోటలు గదిలో పదిమంది కూర్చుని ఇంగ్లీషు మాటకు తెలుగు మాట వెతికారు. ఒప్పుకోవడం అని ఎవరో అన్నారు, బాగుందని అందరూ రాసుకున్నారు. వాళ్ళలో పందిరి కింద నిలబడి ఆ మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఆ సంగతంతా చెప్పుకోలేదు. మాట నాది విజయక్కా, తప్పు నాది, నేను వచ్చి మీ పెద్దలకు చెబుతాను అంది. విజయ వద్దని తల ఊపింది. నిమ్మకాయల మేడం వచ్చి చెబితే ఉన్నది కూడా పోతుంది. సాహిరాకూ అది తెలుసు. పోయిన వారం తాను ఆటో దిగుతుంటే ఒకామె పసిబిడ్డ మొహం మీద కొంగు కప్పడం ఆమె చూసింది. ఇంటికి పోయాక ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరూ రొయ్యలు ఒలిచారు. సాహిరా ఒకటి ఒలిచేలోగా విజయవి గుప్పెడు అయ్యేవి. ఉన్నట్టుండి సాహిరా, మా ఇంట్లో గాజు గ్లాసు పగిలిందనుకోండి, మా అమ్మ ముందు 'హో గయా' అంటుంది అని చెప్పింది. ఎవరు పగలగొట్టారు, ఎందుకు పగిలింది, అవన్నీ తరువాత. ముందు ఆ మాట అని, పిల్లల కాళ్ళకు గుచ్చుకోకుండా ముక్కలు ఏరుతుందట. అంటే ఏంది మేడం అని విజయ అడిగింది. అయింది, అని సాహిరా చెప్పింది. చెప్పి, తానే ఆగింది. ఆ మాటను ఇద్దరూ ఒకసారి లోపల అనుకుని చూసుకున్నారు. అందులో ఎవరు చేశారో లేదు. చేయలేదనీ లేదు.

అయితే ఇట్లా చెప్పి చూడండి, అంది సాహిరా. జరిగింది జరిగిన వరసలో చెప్పాలి. తప్పు, ఒప్పు అనే మాటలు రాకూడదు. ఇంకొకరి మనసులో ఏముందో చెప్పకూడదు. కంటికి కనపడింది, చేతికి తగిలింది, అంతే. ఒక్కొక్కటీ చెప్పి అయింది అనుకోవాలి. విజయ చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోయాయి. ఫోను వచ్చింది, అయింది. ఫోను పెట్టేసినా, అయింది. తల, డొప్ప, నరం. కాలువ దగ్గరికి నడిచినా, అయింది. నీళ్ళలో దిగినా, అయింది. కుచ్చిళ్ళు లాగినట్టయింది. అక్కడికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. తల తీసిన రొయ్య వేళ్ళ మధ్యే ఉండిపోయింది. తరువాత ఏమైందని సాహిరా అడగలేదు. ఆ రొయ్యను నెమ్మదిగా ఆమె వేళ్ళలోంచి తీసుకుని, తనకు వచ్చినట్టు వంకరటింకరగా డొప్ప ఒలిచి తొట్టిలో వేసింది.

సోమవారం పొద్దున మళ్ళీ మగవాళ్ళంతా పందిరి కింద చేరారు. తడ నుంచి పెంచల్ అక్కా బావా వచ్చి, మోటారు సైకిలు గుడి పక్కన నిలబెట్టి, నీడలో కూర్చున్నారు. కామమ్మ పిల్లకు తలంటి, రెండు జడలు వేసి, పౌడరు పూసి తీసుకొచ్చింది. చేతిలో గుడ్డసంచి. అందులోంచి ఉతికిన గౌను అంచు కనిపిస్తోంది. విజయ పిలవకుండానే వచ్చి పందిరి ముందు నిలబడింది. నేనొక మాట చెప్పుకోవాలి మామా అంది. పోలేరయ్య సూది ఆపలేదు. మొన్న ఒప్పుకున్నాక ఇంకేం మాట అన్నాడు.

"పాప నీళ్ళలో పడిందని ఒప్పుకున్నా మామా. తోసినానని కాదు. ఏమైందో ఆ వరసలో ఒకసారి చెప్తా. ఆ తర్వాత మీ ఇష్టం."

ఎవరో వద్దన్నారు. పోలేరయ్యకు ఏమనిపించిందో గానీ, రాకెట్టు పోయేదాకా ఎటూ ఖాళీనే కదా, చెప్పనీయండి అన్నాడు.

విజయ మెడలో తాడును చేత్తో పట్టుకుని, నేలకేసి చూస్తూ మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. ఆ పొద్దు అన్నం వార్చేటప్పుడు ఫోను వచ్చింది అంది. మాట్లాడినాను, పెట్టేసినాను అంది. ఆ ఫోను ఎవరిదో, అందులో తన కొడుకు పెళ్ళాన్ని ఏమేమి అన్నాడో కామమ్మకు తెలుసు. పక్కింటి దాకా వినపడేంతగా అరిచాడు వాడు. ఊరందరి ముందూ అవన్నీ బయటికి వస్తాయని ఆమె నెల నుంచి భయపడుతూనే ఉంది. కానీ విజయ నోట ఎవరి పేరూ రాలేదు. పొయ్యి ఆర్పినాను అంది. కాలువ దగ్గరికి పోయినాను అంది.

"చచ్చిపోదామనే దిగినా మామా. పాప ఇంట్లో ఉండాదనే తలంపే రాలా నాకు. తొడల లోతు దిగినా. పక్క నుంచి కుచ్చిళ్ళు లాగినట్టయింది. ఎవరో ఏందో చూడలా. చెయ్యి ఇట్టా విదిలించినా."

ఆమె చెయ్యి విదిలించి చూపించింది. ఆ చేతిని అట్లాగే గాలిలో ఉంచి, దానికేసి తానే చూసింది.

"పడింది. అప్పుడు చూసినా పాపని. మునిగినా. జుట్టు దొరికింది. జుట్టు పట్టుకుని లాగి గట్టు మీద బోర్లేసి వీపు చరిచినా. నీళ్ళు కక్కింది. ఏడ్చింది. అప్పుడు అత్త వచ్చి ఎత్తుకునింది. అంతే మామా. అయింది."

చచ్చిపోదామని దిగిన మాట ఆమె అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. పోలేరయ్య సూది ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడో మరిచిపోయిన సంగతి అడిగినట్టు, కామమ్మ వైపు తిరిగాడు. నువ్వు చూసినానంటివే కామమ్మా అన్నాడు.

కామమ్మ గుడ్డసంచి అంచును వేళ్ళతో నలిపింది. ఆమె కంటి ముందు గట్టు మీద బోర్లా పడి ఉన్న పిల్ల, దాని వీపు మీద టపటపా పడుతున్న చెయ్యి. పిల్లను లాక్కున్నప్పుడు విరిగిన కోడలి గాజులు. అంతకుముందు ఏముంది? పరిగెత్తి వస్తుంటే అడ్డంగా ఉన్న పడవల వరస. ఆ పడవల అవతల నీళ్ళు. నెల రోజులుగా ఆ పడవల గుండా కూడా తనకు కనపడినట్టే చెప్పుకుంటూ వచ్చింది. చెప్పగా చెప్పగా కనపడినట్టే అనిపించింది.

"నేను చూడలా," అంది. సంచి అంచు వదిలేసి మళ్ళీ అంది. "నేను వచ్చేటప్పటికి పిల్ల గట్టు మీదుండాది. తోసిందో పడిందో నేను చూడలా పోలేరయ్యా. ఒప్పుకుంటా ఉండా."

పోలేరయ్య ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే తూర్పు దిక్కున ఉరిమినట్టయింది. రేకులు గలగలలాడాయి, కాళ్ళ కింద ఇసుక వణికింది. రాకెట్టు. మగవాళ్ళంతా అలవాటుగా పందిరి బయటికి వెళ్ళి, నొసటికి చేతులు అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూశారు. పెంచల్ అక్కా బావా కూడా లేచి వెళ్ళారు. పోలేరయ్య వల బొటనవేలికి ఉండగానే లేచి, దాన్ని కొంత దూరం ఈడ్చుకుంటూ పోయాడు. తెల్లటి పొగ మెలిక తిరిగి పైకి పాకింది. ఆ తరువాత ఎవరూ పందిరి కిందికి తిరిగి రాలేదు. ఇంక పడవలు దించవచ్చునని ఎవరో కేక వేశారు, గెడలు భుజాన వేసుకుని ఒక్కొక్కరే రేవు దారి పట్టారు. తీర్పు తిప్పారా అంటే తిప్పలేదు. ఉంచారా అంటే అదీ చెప్పలేదు. తడ వాళ్ళు పిల్ల కోసం రాలేదు, మోటారు సైకిలు దగ్గరే నిలబడిపోయారు.

పందిరి కింద ముగ్గురు మిగిలారు. కామమ్మ సంచిని నేల మీద పెట్టి, దాని పక్కనే తానూ కూలబడింది. కోడలి మొహం చూడలేదు. చూసి ఉంటే ఏమనేదో ఆమెకే తెలియదు. రాకెట్టు చప్పుడంటే పుట్టినప్పటి నుంచీ హడలిపోయే చెంగమ్మ రెండు చెవులూ మూసుకుని, అటూ ఇటూ చూసి, పరిగెత్తింది. వచ్చి తల్లి చీర కుచ్చిళ్ళను రెండు పిడికిళ్ళతో పట్టుకుని మొహం దాచుకుంది.

విజయ కదలలేదు. ఎత్తుకుందామని చేతులు లేచాయి, లేచిన చేతులను ఆమె దించేసుకుంది. దించి పక్కలకు అదిమి పెట్టుకుంది. చప్పుడు సన్నగిల్లి, సముద్రం మీదికి పోయి, పూర్తిగా ఆగిపోయింది. కుచ్చిళ్ళు ఊడిపోయేంత గట్టిగా లాగుతోంది పిల్ల. లాగనీ అనుకుంది. దానంతట అది వదిలేదాకా అట్లాగే నిలబడి ఉంది.